దొరికింది, వదిలేశాం

మార్చి 6

ఒరే జిగురూ,

ఫోన్ చెయ్యకుండా అక్క ఉత్తరం రాస్తోందేమిటి అనుకుంటావేమో. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. ఏడుస్తూ తిట్టడం నాకు చాతకాదు. కాయితం మీదైతే తాపీగా తిట్టొచ్చు. నాది ఐదో తరగతి చదువే గానీ తిట్లకి అది చాలు.

నువ్వొచ్చి మన ఉడత మింగిన మాత్రల డబ్బా, అది వచ్చిన అట్టపెట్టె, పైన చుట్టిన కాయితం, అన్నీ చేతులకి తొడుగులేసుకుని మరీ పట్టుకెళ్ళావు. "పోస్టులో జరిగే మోసాలు పట్టుకోవడమే నా ఉద్యోగం అక్కా, నేను చూసుకుంటాను" అన్నావు. ఏం చూశావు? చిన్నప్పుడు నా కొంగు పట్టుకుంటే వదిలేవాడివి కాదని నీకు జిగురు అని పేరు పెట్టాం. ఆ పేరు నిలబెట్టుకుంటావా లేదా?

మీ బావ పోయినప్పుడు నాకింత కోపం రాలేదు. ఆయన్ని రోగం తీసుకుపోయింది. రోగాన్ని తిట్టి ఏం లాభం? నా కూతుర్ని తీసుకుపోయింది మనిషి. వాడు మా గడప తొక్కలేదు, మా మొహం చూడలేదు. పోస్టులో కాయితం పంపాడు, పోస్టులో చావు పంపాడు.

ఇవాళేమైందో విను. లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి నడుం పడిపోయి ఇంటికొచ్చాను. కాళ్ళు కడుక్కుంటుంటే పోస్టుమాన్ బెల్లు కొట్టాడు. ఉడత పేరున కవరు. చించాను. "ప్రియమైన సోదరీ, మీ మాత్రలు అయిపోవస్తున్నాయి. మధ్యలో ఆపితే గుణం ఉండదు. వెంటనే రెండో డబ్బా తెప్పించుకోండి." చంపినవాడే వచ్చి ఒంట్లో ఎలా ఉందమ్మా అని పలకరించినట్టుంది.

పోస్టుమాన్ చొక్కా పట్టుకున్నాను. "ఎందుకు తెచ్చావయ్యా ఇది?"

"పేరుంది, అడ్రసుంది. తేవడమే నా పనమ్మా. లోపలేముందో నాకేం తెలుసు?"

"ఆ పేరు గల మనిషి లేదని నీకు తెలీదూ?"

తల దించుకున్నాడు. దించుకుంటే సరిపోతుందా?

దానికి స్కూటర్ పిచ్చి. ఫిట్స్ ఉన్నవాళ్ళకి లైసెన్సు ఇవ్వరన్నారని అన్నం మానేసి అలిగింది, నీకు తెలుసుగా. డాక్టరు మాత్రలు వేసుకుంటే చెప్పుల షాపులో కునికిపాట్లు. ఎడం కాలివి రెండూ ఒకే డబ్బాలో పెట్టేస్తోందని ఓనరు సణుగుడు. సరిగ్గా అప్పుడొచ్చింది ఆ కాయితం. పాత మందు మానండి, మా మాత్ర మూడు నెలలు మింగండి, ఫిట్స్ మాయం, బండి మీద షికారు చెయ్యండి. షికారట! నాకు మాట మాత్రం చెప్పకుండా తన జీతంలోంచి తెప్పించుకుంది. ఆ షాపులోనే, చెప్పుల డబ్బాల మధ్యే పడిపోయింది. ఫిట్ ఆగలేదు.

వాణ్ణి ఎప్పుడు పట్టుకుంటావో రాయి. ఓపిక పట్టు అని మాత్రం రాయకు.

నీ అక్క

---

మార్చి 14

అక్కకి,

ముందు పోస్టుమాన్ చొక్కా వదులు. అతని మీద చెయ్యి వేస్తే నిన్ను పట్టుకోవాల్సింది మా వాళ్ళే. తమాషాకి కాదు, నిజంగానే చెప్తున్నా.

అలాంటి కవర్లు మళ్ళీ వస్తే చించకు. అంచులు పట్టుకుని వేరే సంచిలో పెట్టి నాకు పంపు. చించిన దాన్ని కూడా పంపు.

ఆ మాత్రల్ని పరీక్షకి పంపాం. సుద్దపొడి, పంచదార, రంగు. అంతే. అందులో విషం లేదు. మందు కూడా లేదు. దాన్ని నమ్మి డాక్టరు మందు మానెయ్యడమే మన పిల్ల ప్రాణం తీసింది.

ఇంకా పట్టుకోలేదేం అంటావు. అక్కా, మూసిన కవరు ఎవరిదైనా సరే, అనుమానం ఉంది కదా అని మేం చించడానికి లేదు. జడ్జి ఆర్డర్ కావాలి. పైన రాసింది మాత్రం చదవొచ్చు. ఎవరికి, ఎక్కణ్ణుంచి, ఏ పోస్టాఫీసు ముద్ర, ఎంత బరువు. వాడు వాడే అడ్రసు ఇల్లు కాదు. ఉత్తరాలు వచ్చి పడడానికి అద్దెకిచ్చే పెట్టె. తీసుకున్నది దొంగ పేరుతో.

ఇంకో సంగతి. నేను మేనమామని కాబట్టి ఈ కేసు నా చేతిలో ఉండకూడదన్నారు. మా పైఅధికారి, మేం పెద్దావిడ అంటాం, ఆవిడే చూస్తోంది. నేను పక్కనుండి సాయం చెయ్యడమే.

నీ మనసు కుదుటపడాలని ఒక్క మాట రాస్తున్నాను. మొన్న దొరికింది. మా చేతికే చిక్కింది. అటూ ఇటూ తిప్పి చూసి, అన్నీ రాసుకుని, పెద్దావిడ చెప్పిందని వదిలేశాం. ఎందుకని అడక్కు. ఇంతకు మించి రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఎవరితోనూ అనకు.

వేళకి తిను.

తమ్ముడు

---

మార్చి 23

ఒరే,

నీకు జిగురని పేరు పెట్టిన నోటిని కాల్చుకోవాలి.

దొరికిందాన్ని వదిలేశారా? నా కూతుర్ని మింగింది చేతికి చిక్కితే అటూ ఇటూ తిప్పి చూసి ఇంటికి పంపేశారా? ఆడమనిషి అని జాలేసిందా మీ పెద్దావిడకి? నా పిల్ల ఆడది కాదూ? పైగా నా మనసు కుదుటపడాలని రాశావట. నీ ఉత్తరం చదివి ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే పెట్టి నిలబడిపోయాను. నల్లగా అచ్చు పడింది. ఆస్పత్రి దుప్పటి.

మీరు వదిలేస్తే నేను వదులుతానా? రెండో డబ్బా తెప్పించుకోమన్న ఆ కవరు మీద అడ్రసు నీకు పంపే ముందు రాసుకున్నాను. లాండ్రీకి సెలవు పెట్టి, బస్సెక్కి, అడుక్కుంటూ అడుక్కుంటూ వెళ్ళాను. చిన్న కొట్టు. జిరాక్స్ మిషను, గోడ నిండా తేనెపట్టులాగా చిన్న చిన్న తలుపుల పెట్టెలు, ఒక్కోదానికీ ఒక్కో తాళం. కౌంటరు వెనకాల ఒకావిడ కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని కూర్చుంది. ఆడమనిషి! ఇదే అనుకున్నాను. ఇంకెవరుంటారు?

"నా పిల్లని చంపి జిరాక్సులు తీసుకుంటున్నావటే?" అన్నాను.

"ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి?"

"నా కూతురు కావాలి. ఏ పెట్టెలో పెట్టావు? తియ్యి!"

కౌంటరు మీద కాయితాలన్నీ లాగి పారేశాను. కళ్ళజోడు తాడు తెగింది. ఆవిడ తెగిన తాడు చేత్తో పట్టుకుని, "అమ్మా, నేను తాళాలు అద్దెకిస్తాను గానీ మందులమ్మను, దేవుడి తోడు" అంది. వీధి వీధంతా పోగైంది. ఒక్కడు ఆపలేదు, ఒక్కడు అడగలేదు, తమాషా చూశారు.

లోకంలో మంచివాళ్ళు లేకపోలేదు. తెల్లచొక్కా ఆయన ఎవరో, తన పెట్టె తాళంచెవి చేతిలో పట్టుకుని అప్పుడే లోపలికొచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళసీసా మూత తీసి ఇచ్చాడు. "ఏ మందమ్మా? ఎవరు పంపారు? పోలీసులకి చెప్పారా?" అని ఎంత నెమ్మదిగా అడిగాడో. ఆ మాత్రల సంగతి చెప్పాను. మా తమ్ముడు పోస్టల్ పోలీసే, అయినా వదిలేశాడు అని కూడా చెప్పాను. "అయ్యో పాపం" అని తన పెట్టె తెరవకుండానే వెళ్ళిపోయాడు. ముక్కూ మొహం తెలియని వాడికున్న జాలి నీకు లేదు.

అక్క

---

మార్చి 27

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు ఆగాను. వెంటనే రాస్తే ఏం రాసేవాణ్ణో నాకే తెలీదు.

దొరికింది అంటే మనిషి కాదు! ఉత్తరాల కట్ట! మందు కావాలని జనం వాడికి రాసుకున్న కవర్ల కట్ట దొరికింది. పైన ఉన్న అడ్రసులన్నీ రాసుకుని, మామూలుగా వాడి పెట్టెలోకి వదిలాం. ఎందుకు? దాన్ని తీసుకోవడానికి వాడు వస్తాడని. ఆ కొట్టావిడ మాకు సాయం చేస్తోంది. ఆ పెట్టె మీద అనుమానంగా ఉందని మొదట చెప్పింది ఆవిడే. నువ్వు తాడు తెంపింది ఆవిడ కళ్ళజోడుకి. ఎదురుగా మెకానిక్ షెడ్డులో మా వాళ్ళిద్దరు మసిబట్టలు కట్టుకుని కూర్చున్నారు. తలుపు తెరిచి కట్ట చేతిలోకి తీసుకున్నాడంటే చాలు, పట్టుకునేవాళ్ళు.

తాళంచెవితో వచ్చాడు, కొట్టావిడ గుర్తుపట్టింది. తలుపు తియ్యకుండా పోయాడు. గుంపులో కలిసి మాయమయ్యాడు.

నీకు నీళ్ళిచ్చాడు చూశావూ, మంచివాడు. వాడే.

చేపని పట్టాలంటే దారం వదలాలి అక్కా. నువ్వెళ్ళి చెరువులో దూకావు. ఎవరితోనూ అనకు అని రాశానా లేదా? పెద్దావిడ నన్ను నిలబెట్టి అడిగింది, ఆ అడ్రసు మీ అక్కకి ఎలా తెలిసిందని. నా చేతిలో ఉన్న కాస్త పని కూడా తీసేశారు.

నీకొక్కదానికే పోయిందనుకుంటున్నావు. పుట్టినప్పుడు దాన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది నేను. ఉడత అని పేరు పెట్టింది నేను.

తమ్ముడు

---

ఏప్రిల్ 2

తమ్ముడికి,

వాడి చేతి నీళ్ళు తాగాను. సీసా సగం తాగాను. "నీ పిల్లలు చల్లగా ఉండాలి నాయనా" అన్నాను. నోట్లో వేలు పెట్టుకుని కక్కాను గానీ నీళ్ళు వస్తాయి, ఆ మాట రాదు.

తప్పంతా నాదేనా? "కవర్ల కట్ట" అని రాస్తే నీ సొమ్మేం పోయింది? రెండు మాటలు. దొరికింది, చిక్కింది, వదిలేశాం! ఆవు దొరికినా దొరికింది అంటారు, ఆడది దొరికినా దొరికింది అంటారు. నువ్వు రాసింది చదవడానికే నాకు అక్షరాల కింద వేలు పెట్టుకోవాలి. నువ్వు రాయంది కూడా చదవమంటే ఎలా రా?

మీ ఆఫీసు వాళ్ళందరిదీ ఇదే జబ్బు. నిన్న మీ దగ్గర్నుంచి ఒక నోటీసు వచ్చింది. వాడికి రాసిన వాళ్ళందరికీ పంపుతున్నట్టున్నారు. "సదరు గుళికల సేవనమును తక్షణమే విరమించి, పూర్వ చికిత్సను యథాతథముగా కొనసాగించవలసినదిగా హెచ్చరించడమైనది." పక్కింటి టీచరమ్మ చేత చదివించుకుంటే తెలిసింది. ఆ మాత్రలు మింగొద్దు, పాత మందు ఆపొద్దు అని! ఆ నాలుగు మాటలూ రాయడానికి మీకు చెయ్యి రాలేదా? అది చదివి అర్థం చేసుకునేలోపు ఎంతమంది పిల్లలు ఇంకో రెండు మాత్రలు మింగుతారు?

ఎవరి పేరున వచ్చిందో చూశావా ఆ నోటీసు? ఉడత పేరున. మాత్రలు మానమని ఇప్పుడు దానికి చెప్తున్నారు. ముందు రావాల్సింది వెనక వస్తుంది మీ పోస్టులో.

నాకు రాయకు. నేనూ రాయను.

---

మే 11

అక్కా,

రాయొద్దన్నావు. పెద్దావిడ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఈసారి అన్నీ విడమరిచి రాస్తాను. ఆవిడ చదివి సరేనన్నాకే పోస్టు చేస్తున్నాను.

నీ తిట్లు ఆవిడకి చదివి వినిపించాను. నవ్వలేదు. నోటీసు మార్చి మళ్ళీ పంపారు. "ఆ మాత్రలు మింగొద్దు. పాత మందు ఆపొద్దు." పైన పెద్ద అక్షరాలతో అంతే. ఆ కట్ట పట్టుకుని అడ్రసులు రాసుకున్నాం కాబట్టే ఆ ఇళ్ళు మాకు తెలిశాయి. ఆ ఇళ్ళలో ఒక పిల్లాణ్ణి మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని తెలిసింది. నీకు చెప్పాలనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తెల్లచొక్కావాడు మళ్ళీ మొదలెట్టాడు. వేరే ఊరు, వేరే పెట్టె, మందుకి వేరే పేరు. కాయితంలో మాటలు మాత్రం అవే. వాడు స్వయంగా మందు పంపితే, ఆ డబ్బాని జడ్జి ఆర్డరుతో తెరిచి, ఎక్కడ పోస్టు చేశాడో పట్టి, అక్కడ కాపు కాయొచ్చు. అందుకని రోగుల్లాగా మా వాళ్ళు మూడు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. వాసన పట్టేశాడు. మా వాళ్ళు ఎంత మామూలుగా రాసినా "విషయం" అని మొదలెట్టి "కృతజ్ఞతలతో" అని ముగిస్తారు.

నిజంగా బాధలో ఉన్న తల్లి ఉత్తరం కావాలి అక్కా. వాడు నీ మొహం చూశాడు గానీ నీ చేతిరాత చూడలేదు. పేరూ అడ్రసూ మేమిస్తాం. ఆ ఇల్లు మా ఆఫీసు గుమస్తాది. నీ కూతురికి ఫిట్స్ అని, మందు కావాలని రాయాలి.

ఒక్క జాగ్రత్త. ఉంది అని రాయాలి. ఉండేది అని కాదు.

ఇలా అడిగినందుకు నన్ను ఎన్నైనా అను.

తమ్ముడు

---

మే 19

ఒరే,

అంటాను. ఎందుకనను? అది నేలమీద పడి కొట్టుకుంటుంటే కాపాడలేని మీరు, మీ జడ్జిలు, మీ ముద్రలు, ఇప్పుడు నాచేత దాన్ని బతికించి మళ్ళీ వాడి ముందు పెట్టమంటున్నారా? ఇదిగో నా పిల్ల, దీనికో డబ్బా పంపు నాయనా అని వాణ్ణి బతిమాలుకోవాలా? "అయ్యా" అనాలా వాణ్ణి? ఏ నోటితో అడిగింది మీ పెద్దావిడ? ఆవిడకి పిల్లలున్నారా?

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయాను. పక్కింటి టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాయకపోతే ఇంకొకావిడ రాస్తుంది. ఆవిడ నిజంగా రాస్తుంది" అంది.

ఆ మాటకి కూర్చున్నాను. ఎన్ని కాయితాలు చించానో! "ఉండేది" అనే వస్తోంది చెయ్యి. మంచిగా మొదలెడతాను, మధ్యలో ఎక్కడో చెయ్యి దాన్ని చంపేస్తుంది. చివరికి దాని చెప్పులు ఎదురుగా పెట్టుకుని రాశాను. ఇంట్లోనే ఉంది, నీళ్ళు పోసుకుంటోంది, ఇప్పుడొస్తుంది అనుకుని రాశాను.

ఇందులో పెట్టాను. తప్పులు దిద్దకండి.

*అయ్యా,*

*మీ కాయితం చూశాను. నా కూతురికి పందొమ్మిదేళ్ళు. దానికి ఫిట్సు ఉంది. డాక్టరు మందు ఏసుకుంటే నిద్దర వస్తుంది. అది చెప్పుల షాపులో పని చేస్తుంది. ఒక్క చోట నిలబడదు. మాటకి మాట చెప్తుంది. తలకి నూనె పెడతానంటే ఇల్లంతా పరిగెడుతుంది. దానికి స్కూటరు నేర్చుకోవాలని ఉంది. ఎనకాల నన్ను ఎక్కించుకుని లాండ్రీ దగ్గర దింపుతానంటుంది. నాకు బయ్యం అంటే నవ్వుతుంది. దాని నవ్వు గట్టిగా ఉంటుంది. అయ్యా నాకు అది ఒక్కతే. మీ మందుతో నిజంగా తగ్గుతుందా. ఒట్టేసి చెప్పండి. తగ్గుతుందంటే పంపండి.*

---

జూన్ 16

అక్కా,

వాడు దొరికాడు.

విడమరిచి రాస్తాను. మనిషి. మగవాడు. నీకు నీళ్ళిచ్చినవాడే. మా చేతికి చిక్కాడు. వదల్లేదు. వదలం.

నీ ఉత్తరానికి నాలుగో రోజే డబ్బా పంపాడు. జడ్జి ఆర్డరుతో తెరిచాం. అదే సుద్ద. డబ్బా మీద ముద్రని బట్టి ఏ బస్టాండు పోస్టుడబ్బాలో వేశాడో తెలిసింది. మా వాళ్ళు అక్కడ బెంచీల మీద మూటలు పెట్టుకుని ప్రయాణికుల్లాగా కూర్చున్నారు. సంచితో వచ్చి డబ్బాలు ఒక్కొక్కటీ వేస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "ఏమిటండీ, ఉత్తరం వేసుకోవడం కూడా నేరమేనా?" అన్నాడట ఎంతో నెమ్మదిగా. ఆ నెమ్మది నీకు తెలుసు.

వాడి గది వెతికితే నీ ఉత్తరం దొరికింది. ఒక మూల ఎర్రసిరాతో రాసుకున్నాడు. నీకు చెప్పొద్దనుకున్నాను గానీ, చెప్పక ఒకసారి చెడింది. "మంచి కస్టమర్. ఒక్కతే కూతురు. కనీసం ఆరు డబ్బాలు" అని రాసుకున్నాడు.

నువ్వు కోర్టుకొచ్చి ఆ ఉత్తరం నేనే రాశానని చెప్పాలి. దాని మీద కోర్టు ముద్ర పడింది. వాడి లాయరు ఎలాగూ మెలికలు పెట్టి అడుగుతాడు. కోపం తెచ్చుకోకు.

తమ్ముడు

---

జూన్ 22

జిగురూ,

కోపం తెచ్చుకోకు అంటావేమిట్రా, ఎప్పుడు పోయింది గనక తెచ్చుకోవడానికి? ఆరు డబ్బాలట! ఒట్టేసి చెప్పమని కాళ్ళావేళ్ళా పడితే వాడికి అందులో కనపడింది ఆరు డబ్బాలు. వాణ్ణి పట్టుకుంటే చల్లబడతాననుకున్నాను. చల్లబడలేదు. ఇదివరకు నా కోపానికి మొహం లేదు, ఇప్పుడు మొహం, తెల్లచొక్కా, నీళ్ళసీసా కూడా ఉన్నాయి.

ఆ కొట్టావిడ దగ్గరికి వెళ్ళొచ్చాను. కళ్ళజోడుకి కొత్త తాడు పట్టుకెళ్ళాను. నన్ను చూసి ముందు మిషను వెనక్కి వెళ్ళిపోయింది పాపం. తర్వాత బయటికొచ్చి, తనే మంచినీళ్ళిచ్చింది. తాగాను.

ఇవాళ పోస్టుమాన్ గేటు దగ్గర నిలబడి నసుగుతున్నాడు. చేతిలో ఉడత పేరున కవరు. స్కూటర్ నేర్పే బడి నుంచి. మాత్రలు మొదలెట్టిన వారమే వెళ్ళి పేరు రాయించుకుందట. క్లాసులకి ఇంకా రాలేదేం అని అడుగుతున్నారు. "వెనక్కి పంపెయ్యనా అమ్మా?" అన్నాడు. "పేరుంది, అడ్రసుంది. నీ పని నువ్వు చెయ్యి, ఇలా ఇవ్వు" అన్నాను. ఇచ్చాడు.

కోర్టుకొస్తాను. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వస్తాను, వాడి చొక్కా కంటే తెల్లగా. కానీ ముందు నాకొక సంగతి కావాలి. ఆ ఉత్తరం చేతికిచ్చి, "ఇది మీరే రాశారా?" అంటారు. అవునంటాను. "ఇందులో కూతురు ఉంది అని రాశారు. ఉందా?" అంటాడు వాడి లాయరు. లేదంటే నేను రాసింది అబద్ధం అంటాడు. ఉందంటే పిచ్చిదంటాడు. అది రాసినంతసేపూ నా కూతురు నీళ్ళు పోసుకుంటూనే ఉంది రా. చప్పుడు కూడా విన్నాను.

ఏం చెప్పాలో మీ పెద్దావిడని అడిగి రాయి. కోర్టు పని అయ్యాక ఆ ఉత్తరం, ఎర్రసిరా ఉన్నా ఫర్వాలేదు, నాకు తిరిగి ఇస్తారో ఇవ్వరో అది కూడా అడుగు. ఉడత బతికున్న కాయితం అదొక్కటే.

నాకు అర్థమయ్యేట్టు రాయి. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

అక్క